ఎప్పటిసందో అంటే పదేళ్లా?

పోయిన భాగం చివర రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈసారి మా అమ్మ నడుము గురించి రాయాలి. ఇది మీ ఇంటి గోడు, దీనికీ ఉద్యమానికీ ఏం సంబంధం అనేవాళ్లుంటారు. ఈ కేసు నడిచిన తొమ్మిది నెలల్లో నాతో ఆ మాట అన్నవాళ్లలో మన సంఘాల మిత్రులే ఎక్కువ. అందుకే ఇక్కడే రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. మాదిగవాడలో చివరి ఇల్లు. అమ్మ పన్నెండో ఏట నాట్ల గుంపులో దిగింది, యాభై ఏడో ఏట దాకా దిగుతూనే ఉంది. నాటు వేయడం చూడని పట్నం పిల్లల కోసం చెప్తున్నాను. కాళ్లు బురదలో, ఒంటిని నడుము దగ్గర రెండుగా మడిచి, ఒక చేత నారు కట్ట పట్టుకుని ఇంకో చేత గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడవాలి. వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. మధ్యలో కలుపు, అది కూడా వంగే. మా వాడలో నడుం నొప్పి లేని ఆడమనిషిని నేను చూడలేదు. దాన్ని రోగం అనుకున్నవాళ్లనూ చూడలేదు.

2024 దసరా దాటాక అమ్మ నడవలేకపోయింది. నూరడుగులు వేస్తే కాళ్లు మొద్దుబారేవి. దేన్నన్నా పట్టుకుని ముందుకు వంగితే నెమ్మదించేది. "వంగితే నొప్పి లేదు బిడ్డా, నిలబడితేనే నొప్పి" అనేది. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ఆ మాటని కవిత్వం అనుకుని డైరీలో రాసుకున్నాను. ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. డాక్టరుకు అది కవిత్వం కాదు, లక్షణం. వెన్నులో నరాలు దిగే దారి ఇరుకైతే సరిగ్గా అట్లాగే ఉంటుందట. వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే మూసుకుంటుంది. ఒక పొద్దున వాకిట్లో అమ్మ కుడి కాలి చెప్పు జారిపోయింది. నాలుగడుగులు నడిచినా చెప్పు లేదని ఆమెకు తెలియలేదు. అప్పుడు భయపడ్డాను.

ఎమ్మారై తీస్తే ఎల్4–ఎల్5 దగ్గర స్టెనోసిస్, పైగా పూస ముందుకు జారింది. పాదం బలం పోతోంది, ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు అన్నారు. నరాల మీద ఒత్తిడి తీసేసి, స్క్రూలూ రాడ్లూ వేసి పూసలు బిగించాలి. నాలుగు లక్షల పైన ఖర్చు.

నేను కాంట్రాక్టు లెక్చరర్ని. రెగ్యులర్ వాళ్ల హెల్త్ కార్డు నాకు లేదు. నా జీతం చూసి మా ఇంటి రేషన్ కార్డు తీసేశారు, దాంతో ఆరోగ్యశ్రీ కూడా పోయింది. మన వర్గంలో చదువుకుని ఒక మెట్టెక్కిన చాలామంది ఇక్కడే, ఈ సందులో ఇరుక్కుని ఉంటారు. అందుకే 2019 జూన్‌లో అమ్మనూ కలిపి ఐదు లక్షల ప్రైవేటు పాలసీ తీసుకున్నాను. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా కడుతూ, ఒక్క ఏడాది తప్పకుండా రెన్యువల్ చేయించాను. (వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఆ పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తేశారు. అప్పటికి మా కేసే ముగిసింది.)

నవంబర్‌లో ఆసుపత్రిలో చేర్చాం. డ్యూటీ డాక్టరు చాలా చిన్న కుర్రాడు, మన ప్రాంతం వాడు కాదు. మర్యాదగానే అడిగాడు, నడుం నొప్పి ఎప్పటి నుంచమ్మా అని. అమ్మ నవ్వింది. "ఎప్పటిసందో ఉన్నది సారూ, నాట్లేసేటోళ్లకు నడుం నొప్పి లేకుండ ఎట్లుంటది" అన్నది. అతను కేస్ షీట్‌లో "లో బ్యాక్ పెయిన్ సిన్స్ 10 ఇయర్స్" అని రాశాడు. నేను పక్కనే ఉన్నాను. చూడలేదు. వాక్యాలు చదవడమే నా ఉద్యోగం, ఆ ఒక్క వాక్యం చదవలేదు.

ఆపరేషన్‌కు ముందు రాత్రి క్యాష్‌లెస్ నిరాకరించారని ఇన్సూరెన్స్ డెస్క్ అమ్మాయి చెప్పింది. అమ్మ పుస్తెల తాడు, చెల్లె గాజులు కుదువపెట్టి, పైన రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఆపరేషన్ చేయించాం. డిశ్చార్జి అయ్యాక బిల్లులన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్ అడిగితే జనవరిలో ఉత్తరం వచ్చింది. సారాంశం: ఈ జబ్బు పాలసీకి ముందు నుంచే ఉంది, మీరు దాచారు, క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం. ఆధారం ఒక్కటే, ఆ పదేళ్ల వాక్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగులో "ఎప్పటిసందో" అన్న మాటకు అంకె లేదు. కాలాన్ని కొలవడం అనవసరమైనప్పుడు వాడే మాట అది. వానెప్పుడు పడుతుందో, అప్పెప్పటిదో, ఈ నొప్పి ఎప్పటిదో. కొలత అక్కర్లేని మాటను అంకెగా మార్చి, ఆ అంకెను సాక్ష్యంగా మార్చి, ఆ సాక్ష్యంతో ఒక మనిషిని దొంగను చేశారు. దాచారు అన్న మాట అమ్మకు చదివి వినిపించలేదు నేను. చెల్లె చదివింది. "నేనేం దాచిన బిడ్డా, ఊరందరికీ తెలుసు గద" అంది అమ్మ.

ముందు నుంచే ఉన్న జబ్బు! నిజమే, ముందు నుంచే ఉంది. ఎవరి పొలంలో వంగితే వచ్చింది? ఆ వడ్లు మరపట్టిన మిల్లుకు బీమా ఉంటుంది. నిప్పంటుకుంటే గోదాముకూ, బోల్తా పడితే లారీకీ ఉంటుంది. నారు గుచ్చిన నడుముకు ఎక్కడుంది? అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, 1944లో, అడార్కర్ నివేదిక వచ్చింది. దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం నిలబడింది. కార్మికుడి ఒంటికి జరిగే అరుగుదలకు యజమాని కూడా చెల్లించాలన్నది దాని మూల సూత్రం. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి ఆగింది. సీజనల్ ఫ్యాక్టరీలను కూడా వద్దంది. పొలం దాకా రానే లేదు. పొలంలో వంగేది ఎవరో మీకు నేను చెప్పాలా? అట్లా డెబ్భై ఏళ్ల పాటు లెక్కలోకి రాని నొప్పి, చివరికి ఒకే ఒక్క కాగితం మీద లెక్కలోకి వచ్చింది. మమ్మల్ని కాదనడానికి.

ఇక అప్పీలు సంగతి. మొదట నేను రాసిన ఉత్తరం ఐదు పేజీలు. శ్రమ, కులం, భాష అన్నీ ఉన్నాయి. మా కాలేజీలో కామర్స్ చెప్పే అన్న ఒకరు చదివి, "నిజం చెల్లెమ్మా, కానీ వాళ్లు దీనికి జవాబు చెప్పక్కర్లేదు. జవాబు చెప్పక తప్పనిది రాయి" అన్నాడు. కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత పాలసీ పుస్తకం తెరిచాను. ఒక పాఠాన్ని ఎట్లా చదవాలో నాకు పీహెచ్‌డీ నేర్పింది కదా, దీన్నీ అట్లాగే చదివాను. నిర్వచనాలు, మినహాయింపులు, మినహాయింపుకు మినహాయింపులు.

దొరికింది. ముందు నుంచే ఉన్న జబ్బు అంటే లోపల ఎప్పటి నుంచో పెరుగుతున్న జబ్బు అని కాదు. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో (పాత పాలసీల్లో 48) డాక్టరు నిర్ధారించినదో, డాక్టరు చికిత్స చేసినదో, చేయించుకోమన్నదో అయి ఉండాలి. డాక్టరు అంటే మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాడు. అమ్మ జీవితంలో నడుం కోసం వెళ్లింది మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆ నిర్వచనం ప్రకారం ఆయన డాక్టరే కాడు. అంటే ఏమిటి? అమ్మకు యాభై ఏళ్లు వైద్యం అందకపోవడమే అమ్మ కేసుకు బలం అయింది. ఈ వాక్యం రాసినప్పుడు గెలుస్తున్నానని తెలిసింది. సంతోషం మాత్రం రాలేదు.

రెండోది ఇంకా సూటి. 60 నెలలు ఆపకుండా ప్రీమియం కట్టాక, మోసం అని రుజువు చేస్తే తప్ప, చెప్పలేదనో తప్పు చెప్పారనో క్లెయిమ్‌ను ప్రశ్నించకూడదు. ఇదివరకు ఆ గడువు ఎనిమిదేళ్లు, 2024లో ఐదేళ్లకు తగ్గించారు. 2019 జూన్ నుంచి 2024 నవంబర్ దాకా లెక్కపెట్టండి. 65 నెలలు. ఈ నియమం వాళ్లకు తెలియదా? తెలుసు. నాకు తెలియదనుకున్నారు.

తిరస్కరించేటప్పుడు పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో చెప్పాలి, కంపెనీ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి. మా ఉత్తరంలో రెండూ కనబడలేదు, అవీ అడిగాను. సర్జన్ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాను: నడుం నొప్పి ఒక లక్షణం, స్టెనోసిస్ ఒక జబ్బు, ఆ జబ్బును మొదటిసారి గుర్తించింది 2024 అక్టోబర్ ఎమ్మారైలో. ఆయన అడగ్గానే రాసిచ్చాడు. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు, దాంతో పాటే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో. నెల తర్వాత అదే జవాబు, తేదీ మాత్రం మారింది. మార్చిలో హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాశాను. 50 లక్షల లోపు తగాదా అక్కడికి వెళ్లవచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇచ్చిన తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి.

జూన్‌లో విచారణ వీడియోలో జరిగింది. కంపెనీ డాక్టరు, ఇది అరుగుదల జబ్బు, ఏళ్లు పడుతుంది, కాబట్టి 2019కి ముందే ఉండి తీరుతుంది అన్నాడు. నిర్వచనంలో ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాను. నేను ఎక్కువ మాట్లాడలేదు. పక్కన అమ్మ నడుముకు బెల్టు పెట్టుకుని కూర్చుంది.

జులైలో తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆగస్టులో డబ్బు పడింది, గ్లౌజులూ దూదీ లాంటివి కోసుకుని. రెండు లక్షల మీద తొమ్మిది నెలల మిత్తి 54,000 మాత్రం మాదే.

ఇప్పుడు మన మిత్రులకు. ధర్నాకు వచ్చేవాళ్లున్నారు, కాగితం చదివేవాళ్లు లేరు. కాగితాన్ని బాబుల పని అని వెక్కిరిస్తాం. నేనూ వెక్కిరించాను. కానీ నా దగ్గర పీహెచ్‌డీ ఉంది కాబట్టి అమ్మ డబ్బు వచ్చింది. అదే రోజుల్లో అదే వార్డులో హుజూర్‌నగర్ వైపు పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అట్లాంటి ఉత్తరమే వచ్చింది, కొడుకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నంబరు తీసుకోలేదు నేను. మన ఒక్కో సంఘంలో ఇద్దరన్నా పాలసీ పుస్తకం చదవగలిగినవాళ్లు ఉంటే ఆ ఉత్తరం జేబులో ఉండిపోయేది కాదు. హాస్టల్ పిల్లలూ, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు బీరువాలో పాలసీ ఉందేమో చూడండి. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ తెలుగులో అడిగి తీసుకోండి, అడిగితే ఇవ్వాలి. ఆసుపత్రిలో కేస్ షీట్ ఎవరు రాస్తున్నా పక్కన నిలబడి చదవండి. అంకె కనబడితే ఎవరు చెప్పారని అడగండి.

మొన్న రెన్యువల్ కాగితం వచ్చింది. ఇప్పుడున్న జబ్బులు రాయమని ఒక గడి. ఏం రాయమంటావని అమ్మను అడిగాను. "నడుముల ఇనుము ఉన్నదని రాయి. ఎప్పటిసంది అంటే తారీకు ఏసి రాయి" అంది. రాశాను. రోస్టర్ సంగతి వచ్చే వారం.