ఖాళీగా వదలకూడని బ్రాకెట్

సీ భాష నేర్చుకునే విద్యార్థిని ఒకే కొలత ఉన్న అరే పెద్దగా ఇబ్బంది పెట్టదు. పేరు పంపితే ఫంక్షన్ పని చేసేస్తుంది. పేచీ అంతా రెండు కొలతల దగ్గరే. ముగ్గురు విద్యార్థులు, నాలుగేసి సబ్జెక్టులు ఉన్న మార్కుల పట్టికను పంపాలి. ఫంక్షన్ ప్రకటనలో మొదటి బ్రాకెట్ ఖాళీగా వదిలినా కంపైలర్ ఊరుకుంటుంది. రెండోది వదిలితే ససేమిరా అంటుంది. ఈ నియమాన్ని పరీక్ష కోసం బట్టీపట్టేవారే ఎక్కువ. ఎందుకలా అని అడిగేవారు తక్కువ.

జవాబు రైలు పెట్టెలో దొరుకుతుంది. పాత తరహా స్లీపర్ బోగీలో 72 బెర్తులు, ఒక్కో అరలో 8. 21వ బెర్తు మూడో అరలో ఉందని చెప్పడానికి మొత్తం ఎన్ని అరలున్నాయో తెలియనక్కర్లేదు. అరకెన్ని బెర్తులో తెలియాలి. సెకండ్ ఏసీలో అరకు ఆరే కాబట్టి అదే 21 నాలుగో అరలోకి పోతుంది. మెమరీ కూడా ఇలాంటి ఒకే బారు. ఒక అడ్డువరుస ముగిశాక ఇంకోటి మొదలవుతుంది.

సీ లెక్క సున్నాతో మొదలవుతుంది. కాబట్టి [1][3] అంటే రెండో విద్యార్థి నాలుగో సబ్జెక్టు. 4ను 1తో హెచ్చించి 3 కలిపితే 7. ఆరంభం నుంచి 7 గడులు దాటాలి. ఫంక్షన్‌లో 4కు బదులు 5 అని రాస్తే? 8 గడులు దాటుతుంది, మూడో విద్యార్థి మొదటి సబ్జెక్టు మార్కు చేతికొస్తుంది. ప్రోగ్రామ్ ఆగదు, తప్పు జరిగిందనీ చెప్పదు. కంపైలర్ ముందే హెచ్చరిస్తుంది, నిజమే. కానీ ఒక ‘కాస్ట్’ తగిలించి దాని నోరు మూయించడం చాలామందికి అలవాటు.

1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీని రూపొందించినప్పుడు పీడీపీ-11 యంత్రం మెమరీ కిలోబైట్లలోనే ఉండేది. అరే మొత్తాన్ని నకలు తీయకుండా మొదటి అంశం చిరునామా ఒక్కటే పంపే పద్ధతి స్థిరపడింది. దాంతో మొదటి కొలత దారిలోనే జారిపోతుంది. డీ భాష సృష్టికర్త వాల్టర్ బ్రైట్ 2009లో దీన్ని సీ చేసిన అతి పెద్ద పొరపాటన్నారు. కాస్త కటువైన మాటే.

రెండు నక్షత్రాల పాయింటర్ మరో ఉచ్చు. అది కోరేది చిరునామాల జాబితా. మార్కుల పట్టికలో చిరునామాలెక్కడివి? బలవంతంగా పంపితే ఫంక్షన్ మార్కులనే చిరునామాలనుకుని బయల్దేరుతుంది. సాధారణంగా ప్రోగ్రామ్ కూలిపోతుంది. అదే నయం, తప్పు బయటపడుతుంది.

1999 ప్రమాణం దారి చూపింది. సైజులను ముందు పంపి, వాటినే అరే కొలతలుగా వాడుకోవచ్చు. 2011 ప్రమాణం ఈ సౌకర్యాన్ని ఐచ్ఛికం చేసింది. సీ23 పారామితుల వరకు మళ్లీ తప్పనిసరి చేసింది. నీలి తెర టర్బో సీ మీద ల్యాబ్ రికార్డులు రాసినవారికి మాత్రం ఇది అందలేదు. అంతకుముందే పుట్టిన కంపైలర్ అది. దేశంలో ఎన్నో కాలేజీలు ఆ తర్వాతా ఏళ్ల తరబడి దాన్నే పట్టుకు వేలాడాయి.

అలాంటి పాత కంపైలరే గతి అయితే పట్టికను ఒకే బారు అరేగా ప్రకటించి, నిలువు వరుసల సంఖ్యను విడిగా పంపి, హెచ్చవేత చేత్తో రాసుకోవడం మేలు. చూడ్డానికి అందంగా ఉండదు కానీ, పట్టికలో ఇంకో సబ్జెక్టు చేరినా ఫంక్షన్‌ను ముట్టుకోనక్కర్లేదు.