నొసటి చిహ్నము

మన కుంకుమయు, విభూతిరేఖలును ఉదయమున ధరించి స్నానకాలమున కడిగివేయునట్టివి. ముస్లిములలో కొందఱి నుదుట కానవచ్చు నల్లని గుర్తు అట్టిది కాదు. అది ఏ చేతితోను దిద్దినది కాదు. ఏండ్లకొలది నేల తాకి తాకి కాచిన కాయ.

విధిగా చేయవలసిన ఐదు పూటల నమాజులలో దినమునకు 17 రకాతులు గలవు. ఒక్కొక్క రకాతునందు రెండేసి సజ్దాలు. అనగా దినమునకు 34 మారులు నుదురు నేలకు తాకవలయును. స్త్రీలకును ఇదియే లెక్క. ఆ రాపిడిచే చర్మము మందమై నల్లబడును. కొందఱికి జీవితాంతము ప్రార్థించినను కాయ కాయదు. అది చర్మగుణమును, నేలగుణమును బట్టియుండును. ఈజిప్టువారు దీనిని 'జబీబా' యందురు. ఎండుద్రాక్ష యని యర్థము.

విశ్వాసుల ముఖములందు సజ్దాగుర్తు ఉండునని ఖురాను 48వ సూరా 29వ వాక్యము చెప్పుచున్నది. అయితే ఆ గుర్తు చర్మముమీది మచ్చ కాదనియు, వినయమే యనియు ముజాహిదు మున్నగు ప్రాచీన వ్యాఖ్యాతలు వివరించిరి.

ఈ వివరణము ఎంత యవసరమో చూడుడు. ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ నుదుట ఈ చిహ్నము స్పష్టముగా నుండెడిది. 'విశ్వాసియైన అధ్యక్షుడ'ని ఆయనకు బిరుదు. అయినను 1981 అక్టోబరు 6న సైనికప్రదర్శనమున ఆయనను కాల్చినవారు మతము పేరనే కాల్చిరి. ఆ కాయ వారియెదుట ఆయన భక్తికి సాక్ష్యము కాజాలకపోయెను.

మొహర్రములో పీర్ల నెత్తి మన యూళ్లవారు స్మరించు హుసేనుగారి కుమారుడు జైనుల్ ఆబిదీన్. సజ్దాల యాధిక్యముచే ఆయనను 'సజ్జాద్' అనియు, 'కాయలు గలవాడ'నియు పిలిచిరి. సుమారు 713లో మదీనాలో ఆయన గతింపగా, దేహమునకు స్నానము చేయించువారికి వీపుమీద వేఱొక మచ్చ కనబడినదట. రాత్రివేళల పిండిమూటలు మోసికొనిపోయి బీదల వాకిళ్ల నుంచుచుండెననియు, ఇచ్చినదెవరో ఆ బీదలకు సైతము ఆయన మరణానంతరముగాని తెలియలేదనియు గాథ. నొసటి కాయను ఊరెల్ల చూచినది. వీపుమచ్చను భగవంతుడొక్కడే యెఱిగియుండెను.

సోదరీమణులారా! నుదుట కాయ యున్నదని ఒకరిని పుణ్యాత్ముడనుటయు, లేదని భక్తిహీనుడనుటయు తగదు. బొట్టు లేదను కారణమున వితంతువును పేరంటమునకు పిలువక దూరముంచు మనకును ఈ మాట వర్తించును. నొసలు చూచి మనిషిని నిర్ణయించుటకు ముందు, ఆ చీకటిలో మూట మోసిన వీపును ఒక్కమారు తలంచుకొందము.