కొండమీది నిక్షేపము

గడచిన మాఘమాసమున ఒక ఆదివారమునాడు మేము మన సంఘపు బాలబాలికలు పదునొకండుగురిని వెంటబెట్టుకొని గుడిబండ కొండ యెక్కితిమి. పాళెగాడు బైరేగౌడుని కోట చూపుట ఒక పని. దాచిన డబ్బాను వెదకించుట రెండవ పని.

ఒకరు ఒకచోట డబ్బాను దాచి, దాని యునికిని అక్షాంశ రేఖాంశములతో తెలుపగా, అన్యులు వెదకి కనుగొను వినోదమొకటి నేడు లోకమున విరివిగా సాగుచున్నది. దీనిని జియోకాషింగు అందురు. ఉపగ్రహ సంకేతములకు అమెరికా ప్రభుత్వము పెట్టియుంచిన మరుగును 2000 మే నెలలో తొలగించినంతనే, 3వ తేదీన డేవ్ అల్మర్ అనునతడు ఆరిగాన్ రాష్ట్రమున మొదటి డబ్బాను దాచెను. అందు పుస్తకమును, పెన్సిలును ఉంచెను. కనుగొన్నవాడు తన పేరు వ్రాసి, ఏదేని తీసికొన్నచో అంతటి వెలగల వస్తువు మరొకటి పెట్టి, డబ్బాను యథాస్థానమున దాచవలెను. ఖర్చునకు తగిన జమ యుండుటచే వర్తకులమగు మాకు ఈ నియమము మిక్కిలి నచ్చినది.

మన సీమలో నిక్షేపమన్న తలంపు వేరు. కోటలలో బిందెలకొలది బంగారము పాతిపెట్టిరను వదంతిని నమ్మి, అర్ధరాత్రమున గుడులను, గోడలను త్రవ్వు దురాశాపరులు నేటికిని కలరు. వారికి ధనము దొరకదు. మనకు శాసనపు రాయి పోవును.

ఆనాడు అధికారుల అనుమతి గైకొని మన యువకులు ముందుగా డబ్బా నుంచి వచ్చిరి. చేతిఫోను నాలుగైదు గజముల దాక తెచ్చి విడుచును; ఆపైన కన్నులే దిక్కు. పిల్లలు అరగంట వెదకి, బండచాటున కనుగొని కేకలు వేసిరి. పుస్తకమున పేర్లు తెలుగులో వ్రాయుడంటిమి. పదునొకండుగురిలో ఇద్దరే వ్రాయగలిగిరి. "ఇంట్లో మాట్లాడేదే కదా, రాసేది ఎవరూ చెప్పలేదు" అని ఒక బాలిక అనినది. మా యింటి బిడ్డయు ఆ తొమ్మిదిమందిలో నుండుటచే మేము బదులు చెప్పలేకపోతిమి.

కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానితో మనకు పోటీ లేదు. రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలు. కన్నడము చదువు బిడ్డకు తెలుగు అక్షరములు కొలది వారముల పని. చింతామణి తాలూకా కైవారపు నారేయణ తాతయ్యగారు గాజులమ్మి జీవించిన గృహస్థు, మనవంటి వర్తకుడే. ఆయన కొండగుహలో తపస్సు చేసి, తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. భజనలలో వానిని పాడు మన బిడ్డలు తెలుగక్షరము నెరుగనినాడు అవియు పాతిన బిందెలే యగును.

కావున చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి మూడుచోట్లను ప్రతి ఆదివారము ఒక గంట తెలుగు అక్షరములు నేర్పవలెనని మా మనవి. పలకల ఖర్చు మా అంగడిది. బిడ్డలను పంపు బాధ్యత మీది. ఆరు మాసములకు మరల అదే కొండ యెక్కుదము. పుస్తకము డబ్బాలోనే యున్నది. తొమ్మిది పేర్ల కెదుట స్థలము విడిచి వచ్చితిమి.