సీసా అడుగున సృష్టి

సృష్టి ఎలా మొదలైందన్న ప్రశ్న ఎదురైతే మానవుడు వెంటనే గంభీరుడవుతాడు. పురాణం చెప్పేవాడైనా, శాస్త్రం చెప్పేవాడైనా కంఠస్వరం కాస్త మారుస్తాడు. ఇటలీకి చెందిన యానిమేషన్ దర్శకుడు బ్రూనో బొజ్జెట్టో మాత్రం ఆ ప్రశ్నకు ఒక శీతల పానీయపు సీసాతో సమాధానం చెప్పాడు. 1976లో వెలువడిన ఆయన ‘అలెగ్రో నాన్ ట్రొప్పో’ చిత్రంలో ప్రసిద్ధ సంగీత రచనలకు బొమ్మలు కూర్చిన ఖండికలున్నాయి. వాటిలో తలమానికం ‘బొలేరో’.

అంతరిక్ష యాత్రికులు ఒక నిర్జన గ్రహాన్ని విడిచిపోతూ అక్కడొక సీసాను పారవేస్తారు. అడుగున మిగిలిన గుక్కెడు ద్రవం బుడగలెత్తుతుంది; మెల్లగా కదిలి సీసా దాటి నేలమీదికి పాకుతుంది. అక్కడి నుండి వింత జీవులు ఒకదాని నుండి మరొకటి రూపుదాలుస్తూ బారులు తీరి నడుస్తాయి. వెనుక వినిపించేది ఫ్రెంచి స్వరకర్త మారిస్ రావెల్ 1928లో రచించిన ‘బొలేరో’. అందులో డోలు దరువు దాదాపు చివరి వరకు ఒక్కటే. వాద్యాలు మాత్రం క్రమంగా చేరుతూ నాదం ఉధృతమవుతుంది. దరువు మారదు, నడిచే జీవులు మారిపోతుంటాయి. పరిణామాన్ని చెవికి వినిపించడానికి ఇంతకంటె తగిన సంగీతం దొరకడం కష్టం.

ఈ ఖండికలో ఒక్క మాటా లేదు. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాలలో వాచికాన్ని పూర్తిగా పరిహరించినా హాస్యానికి లోటు రాలేదు. వికృతమైన ఆకారం, వింత నడక హాస్యానికి కారణాలని ఆలంకారికులు ఏనాడో చెప్పారు కదా! 1987లో సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ చూసిన తెలుగువారికి మాటలేని నవ్వు కొత్త కాదు.

జీవశాస్త్రం తెలిసినవారు ఇక్కడొక ఆక్షేపణ చెప్పవచ్చు. పరిణామం ఊరేగింపు కాదు, కొమ్మలు చీలే వృక్షం. 1859లో డార్విన్ ప్రకటించిన గ్రంథంలో ఉన్న ఒకే ఒక్క రేఖాపటం శాఖోపశాఖలుగా విస్తరించినదే. నేటి కోతులు మన తాతలు కావు. వాటికీ మనకూ పూర్వికులు ఒక్కరే. ఆక్షేపణ న్యాయమైనదే. అయితే బొజ్జెట్టో పాఠం చెప్పడానికి కూర్చోలేదు. జీవజాలమంతా తన రాక కోసమే నడిచి వచ్చిందనుకునే మనిషి అహంకారమే ఆయన హాస్యానికి ఆలంబనం. భూమిపై జీవం పుట్టి కనీసం 350 కోట్ల సంవత్సరాలు. మన జాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరాలు. ఆ కాలాన్నంతా పావుగంట చిత్రంగా కుదిస్తే, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మనకు దక్కేవి రెండు ఫ్రేములైనా కావు. కన్ను మూసి తెరిచేలోగా మనం రావడమూ పోవడమూ ముగుస్తాయి!

1940లో డిస్నీ సంస్థ తీసిన ‘ఫాంటాసియా’కు ఈ చిత్రం వ్యంగ్యానుకరణ. అందులోనూ జీవపరిణామం ఉంది. కాని ఆ కథ రాక్షసబల్లుల అంతంతో ఆగిపోతుంది, మనిషి జోలికి పోదు. బొజ్జెట్టో వెళ్లాడు. ఊరేగింపు మధ్యలో ఒక వానరం ప్రవేశిస్తుంది. దాని రాకతో నవ్వులో చేదు కలుస్తుంది. మతాలు, యుద్ధాలు, నగరాలు దారి పొడవునా సాగిపోతాయి. మనిషిని ఇంతగా కించపరచాలా అని కొందరికి తోచవచ్చు. ఆ బాధలోనూ కొంత న్యాయముంది: ఆ సంగీతాన్ని కూర్చినదీ, ఆ బొమ్మలను గీసినదీ ఆ జాతివారే. చిత్రం ఆ సంగతి ఎత్తదు. తనను తాను పొగడుకోవడానికి మనిషికి వేరే గ్రంథాలు చాలానే ఉన్నాయి గనుక ఈ మౌనాన్ని క్షమించవచ్చు.

చివరికి నేలను చీల్చుకుంటూ ఆకాశహర్మ్యాలు లేస్తాయి. అంతదాకా నడిచివచ్చిన జీవుల దారి అక్కడితో మూసుకుపోతుంది. మిగిలింది ఒక బ్రహ్మాండమైన మానవ విగ్రహం. అది పగిలి పెచ్చులూడుతుంది. లోపల డొల్ల, ఆ డొల్లలో నుండి చూస్తున్నది అదే వానరం.