పిల్లి యాటయు, పిల్లల యల్లరియు

ఈ దినములలో బాలబాలికలు మొబైలు ఫోనులయందు వింతయైన యాట యొకటి ఆడుచున్నారు. అందు ఆడువాడు ఇంటి పెంపుడు పిల్లి యగును. బల్లమీది పూలకుండీని పంజాతో త్రోయుట, పాలగిన్నె నొలికించుట, కిటికీ తెరలను చీల్చుట, ఇంటివారు తఱుముకొని రాగా సోఫా క్రింద దాగుట, ఇవియే యందలి ఘనకార్యములు. ఎన్ని వస్తువులు పగిలిన నన్ని మార్కులు! లెక్కలలో మార్కులు రానివాడు సైతము ఇందు మొదటివాడు కావచ్చును.

ఇట్టి యాటలు పిల్లలకు విధ్వంసమును నేర్పునని కూకట్‌పల్లిలో తల్లిదండ్రులు కొందఱు మాతో మొఱపెట్టుకొనుచున్నారు. వారి యాందోళన ప్రేమవలన గలిగినదే. అయినను మేము వారితో నేకీభవింపజాలము. పిల్లియై వస్తువులను పడద్రోయు ఆట నేడు పుట్టినది గాదు. 2015లోనే క్రిస్ చంగ్ అను నతడు కంప్యూటరు కొరకు అట్టిదానిని రచించి విడుదల చేసెను. అంతకన్న మిక్కిలి పూర్వమే తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన యిండ్లలో నున్నది. మరుగుచున్న పాలలో మూతి పెట్టి, పాలన్నచో పరుగెత్తు నా పిల్లిని తలచుకొని తరతరముల పిల్లలు నవ్విరి. ఆ కథ విన్నందున ఎవ్వరును పిల్లుల మూతులు కాల్పలేదు. కథ వేఱు, కాపురము వేఱని పసివారికిని దెలియును.

డబ్బొడ్డి యాడు ఆటల సంగతి వేఱు. అవి కుటుంబములను ఋణములపాలు చేయుటచే 2025 ఆగస్టులో పార్లమెంటు వానిని నిషేధించుచు శాసనము చేసినది. పిల్లి యాటను ఆ గాటను గట్టుట న్యాయము గాదు.

ఈ యాటయం దింత మక్కువ యేల? 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట మన ప్రాంతము త్వరితముగా మాఱినది. హౌసింగు బోర్డు కాలనీలో చిన్న యిండ్లున్న చోటులం దనేకము నేడు అంతస్తుల భవనములు లేచినవి. పెరడు లేదు, గోడ దూకుటకు గోడ లేదు. ఖాళీ స్థలము వాహనములు నిలుపుటకే చాలదు. బంతి తగిలిన కారుకు గీత పడును. పరుగెత్తిన క్రింది యంతస్తువారు కోపింతురు. బడినుండి ట్యూషనునకు, ట్యూషనునుండి పడకకు పోవు బాలునికి అల్లరి చేయుటకు మిగిలిన తావు అఱచేతి వెడల్పు గల తెర యొక్కటే. అదియు పెరికివేయుటకు ముందు పెద్దలు ఆలోచింపవలయును.

అయినను ఈ యాటలో నొక లోపము గలదు. ఇందు కుండీ పగిలిన పిమ్మట ఏమియు జరుగదు. తెర మాఱగానే క్రొత్త కుండీ అదే చోట నిలుచును. నిజమైన యింటిలో కుండీ పగిలిన తరువాతనే కథ మొదలగును. తల్లి కసరును; బాలుడు తలవంచుకొని పెంకులు ఏఱును; మొక్కను మఱియొక డబ్బాలో నాటును; రాత్రి యన్నము దగ్గఱ అందఱును దానినే చెప్పుకొని నవ్వుదురు. ఏమి పగులునో, ఎవరికి నొచ్చునో, దానిని చక్కదిద్దుట యెట్లో ఆ రెండవ భాగమే నేర్పును. ఫోను అల్లరిలోని తొలి సగమును మాత్రమే ఇయ్యగలదు. అందువలన ఆటను నిషేధించుటకంటె ఆ రెండవ సగమును పిల్లలకు సమకూర్చుట పెద్దల ధర్మమని మా యభిప్రాయము.

అపార్టుమెంటు సంఘములవారు సాయంకాలము ఒక్క గంట వాహనములను ప్రక్కకు దీసి ఆవరణము పిల్లలకు విడువవచ్చును. పాఠశాలలు ఆటల పీరియడును లెక్కల పాఠమునకు అప్పగింపకుండవచ్చును. తల్లిదండ్రులు ఒక గాజు గ్లాసు పగిలినంతమాత్రమున కోర్టు తీర్చకుండవచ్చును.

విద్యార్థులారా! మీకును ఒక మాట. నిజమైన పిల్లి కొంతసేపు గంతులు వేసి, పిమ్మట మూతి నాకికొని హాయిగా నిద్రించును. దినములో సగమునకు పైగా దానికి నిద్రయే. మీ ఫోనులోని పిల్లికి అలసట లేదు. ఒక ఘట్టము ముగియగానే ప్రకటన చూపి మఱియొక ఘట్టమునకు బిలుచును. ఎప్పుడు చాలింపవలయునో ఫోనులోని పిల్లి మీకు చెప్పదు. ఆ సంగతి ఇంటిలోని పిల్లినుండి నేర్చుకొనుడు.