పాదాలకూ ఓ చూపు

చార్మినారు చుట్టుపక్కల వుండే మా పెద్దవాళ్ళకు చక్కెర వ్యాధి అంటే యిరానీ చాయ్‌లో పంచదార తగ్గించుకోవటం. అంతవరకు బాగానే వుంది. పాదాల సంగతే ఎవరికీ పట్టదు.

మా షాలిబండలో పక్కింటి పెద్దాయన కిందటి మే నెలలో శుక్రవారం నమాజుకు మక్కా మసీదుకు వెళ్ళారు. 1694లో పూర్తయిన ఆ మసీదు ప్రాంగణం రాతిది, పైగా మిట్టమధ్యాహ్నం. మూడోనాడు కోడలు పక్కమీద తడి చూసి అడిగేదాకా అరికాలి బొబ్బ ఆయనకు తెలియనే లేదు. "నొప్పే లేదు కదా భాయ్, పుండంటారేమిటి?" అన్నారు నాతో. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయాం గనుక కాలు దక్కింది.

నొప్పి లేకపోవటమే అసలు ప్రమాదం! రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా వుంటే కాలి నరాలు మొద్దుబారతాయి, రక్తప్రసారమూ తగ్గుతుంది. పుండు పడితే తెలియదు, తెలిసినా త్వరగా మానదు. చీము ఎముక దాకా పోతే కాలు తియ్యవలసి రావచ్చు.

డాక్టర్లు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును పాదానికి ఆనించి స్పర్శ వుందో లేదో చెబుతారు. నిమిషాల పని. ఏడాదికొకసారైనా అడిగి చేయించుకోండి.

ఇంట్లో రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. కళ్ళు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. ఆనెలను బ్లేడుతో కొయ్యకూడదు. వేడినీళ్ళు మోచేత్తో చూసి మరీ కాళ్ళమీద పోసుకోవాలి. గుడికి వెళ్ళినా, మసీదుకు వెళ్ళినా ఎండలో కాలిన రాతిమీద వట్టికాళ్ళతో నడవకండి. చాప పరచిన దారి చూసుకోండి. బొబ్బ కనబడితే మాత్రం నొప్పి కోసం ఎదురుచూడవద్దు.