చూరుకి గొలుసు, గొలుసుకి చలికాలం

ఇల్లు, వాన, కాఫీ కప్పు ఉన్న రీల్ ఏది చూసినా ఈ మధ్య అందులో ఒక రాగి గొలుసు కనిపిస్తోంది. చూరు నుంచి నేల దాకా వేలాడుతుంది. దానికి వరసగా చిన్న చిన్న కప్పులుంటాయి. వాన నీళ్ళు ఒక్కో కప్పూ నింపుకుంటూ, పొర్లుతూ కిందికి దిగుతాయి. దీన్ని రెయిన్ చెయిన్ అంటారు. చూడ్డానికి చాలా బాగుంటుంది, ఆ విషయంలో నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా దాన్ని మినియాపాలిస్‌లోనో, టొరంటోలోనో ఇంటికి తగిలించి, జనవరిలో కూడా అలాగే వదిలేసేవాళ్ళతో. ఆ ఊళ్ళలో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు కూడా తక్కువేం లేరు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "అలంకారమే కదా, దానికి కూడా లెక్కలెందుకు?"

అలంకారానికీ బరువుంటుంది. అందుకే లెక్కలు కావాలి.

ఈ గొలుసు పుట్టింది జపాన్‌లో. అక్కడ దాని పేరు కుసారి దోయ్. కుసారి అంటే గొలుసు, తోయ్ అంటే చూరు నీళ్ళు పోయే కాలువ. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టే, తోయ్ కాస్తా దోయ్ అయింది. క్యోటో లాంటి చోట్ల ఆలయాలకీ, టీ గృహాలకీ ఇవి కనిపిస్తాయి. అక్కడా చలి ఉంటుంది గానీ, నెలల తరబడి నీళ్ళని గడ్డకట్టించే చలి కాదు.

గొలుసు పనిచేసే పద్ధతి సింపుల్. నీళ్ళు లోహాన్ని అంటిపెట్టుకుని పల్చటి పొరగా జారతాయి. వానలో ఇదే దాని అందం, మంచులో ఇదే దాని జబ్బు. చలికాలంలో పైనుంచి వచ్చేది ధార కాదు, బొట్లు. ఇంట్లో వేడి కప్పులోంచి బయటికి పోతూ పైనున్న మంచుని అడుగునుంచి కరిగిస్తుంది. ఆ నీరు బొట్టు బొట్టుగా గొలుసు మీదికి దిగుతుంది. నాలుగు వైపులా చలిగాలి, మధ్యలో పల్చటి నీటి పొర. ఇంకేముంది, అక్కడే గడ్డకడుతుంది. దాని మీద ఇంకో పొర, ఆ మీద మరొకటి.

ఇప్పుడు ఫస్టియర్ లెక్క ఒకటి చేద్దాం. 3 మీటర్ల గొలుసు చుట్టూ 15 సెంటీమీటర్ల వ్యాసంతో మంచు స్తంభం కట్టిందనుకోండి. ఐస్ సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 917 కిలోలు. అంటే ఆ స్తంభం దాదాపు 49 కిలోలు. వ్యాసం రెట్టింపై 30 సెంటీమీటర్లు అయితే బరువు రెట్టింపు కాదు, నాలుగింతలు: దాదాపు 194 కిలోలు! స్తంభం నేలకి ఆనితే కొంత భారం నేల మోస్తుంది. గాలిలో వేలాడుతుంటే మొత్తం పడేది ఆ ఒక్క కొక్కెం మీద, అది తగిలించిన పల్చటి గట్టర్ మీద. గట్టర్ ఊడి వచ్చేటప్పుడు, అది బిగించిన చూరు చెక్కని కూడా లాక్కొస్తుంది.

"మామూలు గొట్టం కూడా గడ్డకడుతుందిగా?" అని కొందరంటారు. నిజమే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, మూసి ఉన్న గొట్టం అతుకుల దగ్గర పగలొచ్చు. గొలుసుకి ఆ బాధ లేదు. కానీ గొట్టాన్ని పట్టీలతో గోడకి బిగిస్తారు కాబట్టి దాని బరువుని గోడ పంచుకుంటుంది. గొలుసుకి ఆ ఆసరా లేదు.

అసలు జపాన్‌లోనే చలి ఎక్కువున్నవాళ్ళు ఏం చేశారో చూడండి. హొక్కైదోలోని సప్పొరోలో ఏటా దాదాపు 5 మీటర్ల మంచు కురుస్తుంది. అక్కడ చాలా ఇళ్ళకి చూరు గట్టర్లే ఉండవు. కొన్ని ఇళ్ళకి కప్పుని మధ్యలోకి వాలుగా కట్టి, మంచుని పైనే నిలవనిచ్చి, కరిగిన నీటిని ఇంటి లోపలి గొట్టం గుండా కిందికి దింపుతారు. ఇంటి వెచ్చదనమే ఆ గొట్టాన్ని కాపాడుతుంది. గొలుసు పుట్టిన దేశమే మంచు దగ్గరికొచ్చేసరికి వేరే దారి వెతుక్కుంది. మనం మాత్రం వస్తువుని తెచ్చుకుని, దాని వాతావరణాన్ని అక్కడే వదిలేశాం.

ఇంకో సంగతి. అందం కోసం కట్టేది కాబట్టి దీన్ని ఇంటి వెనక ఎవరూ కట్టరు, గుమ్మం పక్కనే కడతారు. పగలు కారిన నీరు రాత్రికి నడిచే దారి మీద అద్దంలా పేరుకుంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పొద్దున్నే అడుగుపెట్టేది దాని మీదే. పైనేమో మంచు స్తంభం ఎప్పుడు విరిగి పడుతుందో తెలీదు. గట్టర్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, తుంటి ఎముక సంగతి వేరు.

అలాగని గొలుసు వద్దే వద్దు అనను. కొక్కేన్ని గట్టర్‌కి కాకుండా కప్పు వాసానికి బిగించండి. నడిచే దారికి దూరంగా పెట్టండి. కప్పు కింద ఇన్సులేషన్ సరిచేయించండి, అసలు రోగం అక్కడుంది. అన్నిటికన్నా ముఖ్యం, గడ్డకట్టే చలి మొదలయ్యేలోపు గొలుసు తీసేసి గొట్టం పెట్టేయండి. అమ్మేవాళ్ళు కూడా పెట్టె మీద వానలో ఫొటోతో పాటు "చలికాలంలో తీసేయాలి" అన్న ఒక్క ముక్క వేస్తే వాళ్ళ సొమ్మేం పోదు.

మన క్లబ్‌లో అలంకారం అనగానే ఉపమ, రూపకం అంటాం. 11వ శతాబ్దపు క్షేమేంద్రుడు మాత్రం ఔచిత్యం లేకపోతే ఏ అలంకారమూ రాణించదన్నాడు. ఆయన కాశ్మీరం వాడు, మంచు సంగతి తెలిసినవాడే. సివిల్ వాళ్ళు దాన్ని లోడ్ కాలిక్యులేషన్ అంటారు, అంతే తేడా.

కాబట్టి నవంబర్‌లో విప్పండి, ఏప్రిల్‌లో మళ్ళీ కట్టండి. తొలి వానకి రీల్ తీసి పెడితే మొదటి లైక్ నాదే.